ఆత్మ లేకపోతే చేసిన కర్మ ఎవరిని పట్టుకుంటుంది?

బౌద్ధం ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తారు: "ఆత్మ లేదంటారు, మళ్ళీ పునర్జన్మ ఉందంటారు. ఆత్మే లేనప్పుడు మళ్ళీ పుట్టేది ఎవరు? ఒకడు చేసిన పాపం ఇంకొకడు అనుభవించాలా?" ఇక్కడ బుద్ధుడు దొరికిపోయాడని చాలామంది నమ్మకం. నిజానికి ఈ సందేహం కొత్తది కాదు, బయటివాళ్లది కూడా కాదు. బుద్ధుడి ఎదురుగా కూర్చున్న ఒక భిక్షువుకే వచ్చింది. పాళీ గ్రంథమైన మజ్ఝిమ నికాయంలోని మహాపుణ్ణమ సుత్తం (సుత్తం అంటే బుద్ధుడి ఉపదేశ పాఠం) ఆ సంగతి చెబుతుంది. శ్రావస్తిలోని తూర్పు ఆరామంలో, పున్నమి రాత్రి, భిక్షుసంఘమంతా ఆరుబయట కూర్చుని ఉంది. అనాత్మ బోధ వింటూ ఆ భిక్షువు తనలో తాను అనుకున్నాడు: "శరీరం ఆత్మ కాదు, అనుభూతి ఆత్మ కాదు, చివరికి విజ్ఞానం (ఎరుక) కూడా ఆత్మ కాదు. మరి ఆత్మ కానివి చేసిన కర్మలు ఏ ఆత్మను తాకుతాయి?"

బుద్ధుడు అతని ఆలోచన పసిగట్టి మందలించాడు. కానీ "ఫలానా దాన్ని తాకుతాయి" అని మాత్రం చెప్పలేదు. మళ్ళీ మొదటికొచ్చి, రూపం, అంటే శరీరం, నిత్యమా అనిత్యమా అని అడగడం మొదలుపెట్టాడు. ఇది ప్రశ్నను దాటవేయడమే అనేవాళ్లున్నారు. నేను అలా అనుకోను. ఆ భిక్షువు ప్రశ్నలోకి ఒక యజమానిని దొంగచాటుగా తెచ్చి కూర్చోబెట్టాడు. యజమాని లేడని పైకి ఒప్పుకుంటూనే, ఆ యజమాని ఖాతాలో కర్మ ఎలా జమ అవుతుందని అడిగాడు. ఖాతా ఒకరి పేరు మీదే ఉండాలన్న ఊహే తప్పయితే? బౌద్ధ తత్వవేత్తలు శతాబ్దాల పాటు తమలో తాము, ఇతర దర్శనాలవాళ్లతో వాదించుకున్నది చాలావరకు ఈ ఒక్క విషయం మీదే.

ముందు, బౌద్ధం కాదంటున్నది దేన్నో తేల్చుకోవాలి. "నువ్వు లేవు" అన్నది బుద్ధుడి బోధ కాదు. సారనాథ్‌లో అయిదుగురు తొలి శిష్యులకు చేసిన రెండో ఉపదేశాన్ని అనాత్మ లక్షణ సుత్తం అంటారు. అందులో వాదం ఇలా నడుస్తుంది. రూపమే ఆత్మ అయితే అది మనల్ని బాధపెట్టదు. "నా శరీరం ఇలా ఉండాలి, ఇలా ఉండకూడదు" అని శాసిస్తే అలాగే జరగాలి. జరగడం లేదు. అనుభూతి సంగతీ అంతే, ఆలోచన సంగతీ అంతే. ఇక రెండో మెట్టు: మారిపోయేది, మారిపోవడం వల్ల దుఃఖం తెచ్చేది, అలాంటిదాన్ని పట్టుకుని "ఇది నాది, ఇది నేను, ఇదే నా ఆత్మ" అనడం తగునా? తగదని ఆ అయిదుగురూ ఒప్పుకున్నారు.

ఇక్కడ గమనించాల్సింది ఆ మొదటి మెట్టు. బృహదారణ్యకోపనిషత్తు ఆత్మను అంతర్యామి అంటుంది. అంటే లోపల ఉండి నడిపించేవాడు. బుద్ధుడి వాదం తగిలేది సరిగ్గా అలాంటి భావనకే. లోపల శాసించేవాడొకడు, మారనివాడొకడు, అనుభవాలన్నిటికీ వెనక నిలబడి వాటిని తనవిగా ఉంచుకునేవాడొకడు ఉన్నాడా అన్నదే ప్రశ్న. మనిషి ఉన్నాడు, నడుస్తాడు, మాట్లాడతాడు, తప్పు చేస్తాడు, పశ్చాత్తాపపడతాడు. ఇదంతా బౌద్ధానికి పూర్తిగా సమ్మతమే.

మరి ఆ మనిషిలో ఉన్నదేమిటి? పంచస్కంధాలు: రూపం, వేదన, సంజ్ఞ, సంస్కారాలు, విజ్ఞానం. పేర్లు బట్టీపడితే ఇవి అర్థం కావు. ఒక సందర్భంలో పెట్టి చూడాలి. నలుగురిలో ఎవరో మనల్ని ఒక మాట అన్నారనుకోండి. చెవికి శబ్దం తాకింది. ఆ చెవీ, ఆ శబ్దమూ రూపం. లోపల చురుక్కుమంది, అది వేదన. (ఈ పరిభాషలో సుఖం, దుఃఖం, రెండూ కానిది, అన్నీ వేదనలే.) "ఇది అవమానం" అని గుర్తుపట్టింది సంజ్ఞ. తిరిగి అనాలన్న ఊపు, దాని వెనక ఉన్న పాత కక్షలు, అలవాట్లు సంస్కారాలు. ఇదంతా జరుగుతోందన్న ఎరుక విజ్ఞానం. ఇంతవరకూ జరిగినదానికి ఇంకేమీ అక్కర్లేదు. ఆ వెంటనే "నన్ను అన్నాడు" అన్న ఆలోచన లేస్తుంది. రాత్రి నిద్రపట్టనివ్వనిది, టెన్షన్ పెట్టేది ఆ ఆలోచనే. బౌద్ధం అడిగేది: ఆ "నన్ను" అనేది ఆరో వస్తువా, లేక అయిదింటిలోనే తలెత్తిన ఇంకో సంస్కారమా? ఆరోది ఎంత వెతికినా దొరకదన్నది బౌద్ధుల మాట.

దీనికి అందరూ చెప్పే ఉదాహరణ రథం. క్రీ.పూ. 2వ శతాబ్దపు ఇండో-గ్రీకు రాజు మిలిందుడు, అంటే మినాండర్, నాగసేన భిక్షువును పేరు అడుగుతాడు. "నాగసేనుడంటారు, కానీ అది పేరు మాత్రమే, ఆ పేరు వెనక పుద్గలుడెవరూ (వ్యక్తి ఎవరూ) దొరకడు" అంటాడు నాగసేనుడు. రాజు వదల్లేదు. మరి చీవరాలు (భిక్షువుల వస్త్రాలు) తీసుకునేదెవరు, శీలం పాటించేదెవరు, ఎవరైనా నిన్ను చంపితే హత్య జరగనట్టేనా అని నిలదీశాడు. నాగసేనుడు రాజు ఎక్కి వచ్చిన రథం వైపు చూపించి ఇరుసు రథమా, చక్రాలు రథమా, కాడి రథమా, ఇవన్నీ తీసేశాక మిగిలేది రథమా అని వరసగా అడిగి అన్నిటికీ కాదనిపించాడు. ఆ భాగాలు కలిసినప్పుడు వాడే పేరే రథం. స్కంధాలు కలిసినప్పుడు వాడే పేరే మనిషి. ఈ పోలిక నాగసేనుడి సొంతం కాదు. సంయుత్త నికాయంలో వజిర అనే భిక్షుణి, సాధకులను దారి తప్పించే మారుడికి చెప్పిన సమాధానం అది. నాగసేనుడు ఆమె గాథను చదివే తన వాదన ముగిస్తాడు. ఆమె పేరు మాత్రం ఈ చర్చల్లో ఎక్కడా వినిపించదు. అది న్యాయం కాదని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

అయితే ఈ రథం వాదం దగ్గరే ఆగిపోతే మోసపోతాం. కఠోపనిషత్తులోనూ రథం ఉంది. అక్కడ ఆత్మ రథికుడు, శరీరం రథం, బుద్ధి సారథి, మనసు పగ్గాలు, ఇంద్రియాలు గుర్రాలు. ఉపనిషత్తును నమ్మేవాడు నాగసేనుణ్ణి ఇలా అడగొచ్చు: "స్వామీ, మీరు రథాన్ని విప్పి చూపించారు సరే, అందులో కూర్చున్నవాడి సంగతేమిటి? రథం 'నేను రథాన్ని' అని చెప్పుకోదు. మనిషి చెప్పుకుంటాడు." ఇది బలమైన ప్రశ్న. రథం పోలిక బయటి నుంచి చూసేవాడికి జవాబు చెబుతుంది. లోపలి నుంచి "నేను" అంటున్నవాడికి చాలదు. అసలైన వాదం అంతా ఆ లోపలి "నేను" మీదే జరిగింది. దాని దగ్గరికి వెళ్లే ముందు కర్మ లెక్క తేల్చాలి.

రాజగృహంలో ఒక ఉదయం బుద్ధుడు భిక్షకు వెళుతుంటే అచేల కస్సపుడనే దిగంబర సన్యాసి ఎదురొచ్చి ఒక సంగతి అడగాలన్నాడు. "ఇళ్ల మధ్యకు వచ్చేశాం, ఇది సమయం కాదు" అన్నాడు బుద్ధుడు. అతను మూడోసారీ అడిగి ఒప్పించాడు. దుఃఖం తాను చేసుకున్నదా? అలా అనకు. పరులు చేసిందా? అలా అనకు. రెండూనా? ఏదీ కాకుండా ఊరికే వచ్చిందా? అన్నిటికీ అదే జవాబు. తర్వాత కారణం వివరించాడు. "చేసినవాడే అనుభవిస్తాడు" అంటే మారని ఒకడు ఉన్నాడని ఒప్పుకున్నట్టు, అది శాశ్వతవాదం. "ఒకడు చేస్తే ఇంకొకడు అనుభవిస్తాడు" అంటే మొదటివాడు తుడిచిపెట్టుకుపోయినట్టు, అది ఉచ్ఛేదవాదం. తాను చెప్పేది ఈ రెండింటి మధ్యగా, ఇది ఉంటే అది వస్తుందన్న ప్రతీత్యసముత్పాదం. అవిద్య వల్ల సంస్కారాలు, సంస్కారాల వల్ల విజ్ఞానం, అలా గొలుసు.

"వాడేనా, వేరేవాడా" అన్న ప్రశ్నకు "వాడూ కాదు, వేరేవాడూ కాదు" అనడం తప్పించుకోవడంలా వినిపిస్తుంది. మిలిందుడికీ అలాగే వినిపించింది. నాగసేనుడు ఒక దొంగ కేసు చెప్పాడు. ఒకడు ఇంకొకరి చెట్టు మామిడిపళ్లు కోశాడు. పట్టుకుని రాజు దగ్గరికి తెస్తే, "ఇతను నాటిన పండు వేరు, నేను కోసిన పళ్లు వేరు, నాకు శిక్షేమిటి" అన్నాడు. వాడి వాదనలో ఒక నిజం ఉంది, నాటినదీ కోసినదీ ఒకే పండు కాదు. అయినా శిక్ష పడాల్సిందే, ఎందుకంటే ఆ పండు వల్లే ఈ పళ్లు వచ్చాయి. అంటే బాధ్యత నిలబడటానికి కావలసింది ఏకత్వం కాదు, కార్యకారణ సంబంధం. నా దృష్టిలో, ఈ ఇద్దరి సంభాషణల గ్రంథమైన మిలింద పఞ్హ మొత్తంలో రథం కంటే విలువైన భాగం ఇదే.

దీన్ని మనిషి మీద పెట్టి చూడాలంటే అంగులిమాలుడి కథను మించింది లేదు. మనుషుల్ని చంపి వేళ్లు దండగా వేసుకున్నవాడు భిక్షువయ్యాడు. ఒకరోజు భిక్షకు వెళ్ళి, కాన్పు కష్టమై అల్లాడుతున్న స్త్రీని చూసి వచ్చి బుద్ధుడికి చెప్పాడు. "వెళ్ళి, పుట్టినప్పటి నుంచి నేను తెలిసి ఏ ప్రాణినీ చంపలేదు, ఈ సత్యం వల్ల నీకు, నీ గర్భానికి మేలు కలగాలి అని చెప్పు" అన్నాడు బుద్ధుడు. అంగులిమాలుడు ఉలిక్కిపడ్డాడు. "అది తెలిసి ఆడిన అబద్ధం అవుతుంది కదా, నేను ఎంతోమందిని చంపాను." అప్పుడు బుద్ధుడు మాట మార్చి, "ఆర్య జన్మలో పుట్టినప్పటి నుంచి" అని చెప్పమన్నాడు. అలా చెప్పాడు, ఆమెకు సుఖంగా కాన్పయింది. ఆ తర్వాత కొంతకాలానికి శ్రావస్తి వీధుల్లో ఒకరు విసిరిన మట్టిగడ్డ, ఇంకొకరు విసిరిన కర్ర, మరొకరు విసిరిన రాయి వచ్చి అతనికి తగిలాయి. తల పగిలి నెత్తురు కారుతూ, పాత్ర బద్దలై, చీవరం చిరిగి తిరిగొచ్చాడు. అప్పటికే అర్హతుడు, అంటే పూర్తిగా విముక్తి పొందినవాడు. బుద్ధుడు ఏమన్నాడు? "ఓర్చుకో బ్రాహ్మణా, ఓర్చుకో. ఏళ్ల తరబడి నరకంలో అనుభవించాల్సిన కర్మఫలాన్ని ఇక్కడే అనుభవిస్తున్నావు."

ఒకే సుత్తంలో రెండు మాటలు. కాన్పు గది దగ్గర అతను కొత్తగా పుట్టినవాడు, పాత హత్యలు ఆ జన్మకు చెందవు. వీధిలో అవే హత్యల ఫలం అతని తల మీద పడింది. అతను అదే మనిషా, వేరే మనిషా అని ఒక్క జవాబు కోసం పట్టుబట్టేవాడికి ఇది వైరుధ్యం. కానీ రెండు చోట్లా అడుగుతున్నది వేర్వేరు ప్రశ్న. ఇప్పుడున్న చేతన, ఉద్దేశం ఎలాంటివి? పూర్తిగా మారిపోయాయి. జరిగినదాని ప్రవాహం ఎక్కడికి వచ్చింది? ఇక్కడికే. ఈ రెండింటినీ "వ్యక్తి" అన్న ఒక్క మాటలో కట్టేయడం మన అలవాటు. సుత్తం వాటిని విడదీసి చూపిస్తుంది. మారిన మనిషిని పాత నేరానికి శిక్షించవచ్చా అని ఏ కాలంలో వాదన వచ్చినా ఈ కథ పనికొస్తుందని నా నమ్మకం. మారాడన్నది నిజమే, ఫలం తప్పదన్నదీ నిజమే, ఒకటి ఇంకోదాన్ని రద్దు చేయదు.

ఇలాంటి చోట చాలామంది మనసులో ఒక రాజీ చేసుకుంటారు: "ఆత్మ లేదు సరే, విజ్ఞానమే ఒక జన్మ నుంచి ఇంకో జన్మకు వెళ్తుందిలే." సాతి అనే భిక్షువు సరిగ్గా అదే అన్నాడు. జాలరి కొడుకు. "ఈ విజ్ఞానమే, మార్పు లేకుండా, సంసారంలో తిరుగుతుంది" అని అతని వాదం. ఏమిటా విజ్ఞానం అని బుద్ధుడు అడిగితే, "మాట్లాడేది, అనుభవించేది, మంచిచెడు కర్మల ఫలాన్ని పొందేది" అన్నాడు. బుద్ధుడు అంత కటువుగా మాట్లాడిన సందర్భాలు తక్కువ. కట్టెల వల్ల మండితే కట్టెల మంట, గడ్డి వల్ల మండితే గడ్డి మంట. అలాగే కన్ను, రూపం వల్ల పుట్టేది చక్షు విజ్ఞానం, చెవి, శబ్దం వల్ల పుట్టేది శ్రోత్ర విజ్ఞానం. వేటి వల్ల పుట్టిందో వాటి నుంచి విడదీసి, ప్రయాణించే విజ్ఞానమంటూ వేరే ఒకటి లేదు. ఆత్మను ముందు గుమ్మంలోంచి పంపేసి, విజ్ఞానం పేరుతో పెరటి గుమ్మంలోంచి తీసుకురాకూడదన్నమాట.

ఇక అసలు కష్టమైన చోటుకు వద్దాం, జ్ఞాపకం. ఆత్మ ఉందనే న్యాయ దర్శనంవాళ్లు, నైయాయికులు, దీన్ని గట్టిగా పట్టుకున్నారు. న్యాయసూత్రాల్లో మూడో అధ్యాయం మొదటి సూత్రమే ఇది: దర్శనస్పర్శనాభ్యామేకార్థగ్రహణాత్. కంటితో చూసినదాన్నే చేత్తో తాకి "నేను చూసినదాన్నే ఇప్పుడు తాకుతున్నాను" అంటాం. కన్ను తాకలేదు, చెయ్యి చూడలేదు. రెండింటినీ ఒకే వస్తువు గురించి కలిపినవాడు ఒకడు ఉండాలి కదా? కాలంలోకి తీసుకెళితే ప్రశ్న ఇంకా పదునెక్కుతుంది. బౌద్ధుల ప్రకారం ప్రతిదీ క్షణికం. చిన్నప్పుడు చూసిన చిత్తం ఎప్పుడో పోయింది. ఇప్పుడు గుర్తుచేసుకుంటున్న చిత్తం అప్పుడు లేదు. చూసింది ఒకటి, గుర్తుచేసుకునేది ఇంకొకటి అయితే, దేవదత్తుడు చూసినదాన్ని యజ్ఞదత్తుడు కూడా గుర్తుచేసుకోవాలి.

బౌద్ధ తత్వవేత్త వసుబంధుడు తన అభిధర్మకోశం చివరి అధ్యాయంలో ఈ ఆక్షేపణను తానే ఎత్తుకుని జవాబిచ్చాడు. దేవదత్తుడి చిత్తానికి, యజ్ఞదత్తుడి చిత్తానికి మధ్య జ్ఞాపకాన్ని పుట్టించే కార్యకారణ సంబంధం లేదు. ఒకే సంతానంలోని, అంటే ఒకదాని వెంట ఒకటి సాగే ఒకే ప్రవాహంలోని, చిత్తాల మధ్య ఉంది. విత్తనం నుంచి పండు వచ్చినా విత్తనమే పండు కాదు, మధ్యలో మొలక, కాడ, ఆకు ఎన్నో ఉన్నాయి. అలాగే అనుభవం విడిచిన ముద్ర ఒక చిత్తం నుంచి ఇంకో చిత్తానికి సాగి, తగిన సందర్భం వచ్చినప్పుడు జ్ఞాపకంగా పండుతుంది. "మరి ఆ జ్ఞాపకం ఎవరిది? యజమాని లేకుండా జ్ఞాపకమేమిటి?" అని ప్రత్యర్థి అడుగుతాడు. వసుబంధుడు ఎదురడుగుతాడు: చైత్రుడు ఆవుకు యజమాని అంటాం, ఏ అర్థంలో? ఆవును తోలడం, పాలు పితకడం వంటివాటికి అతను కారణం కాబట్టి. యజమాని అనే మాటలో కారణం అన్న అర్థం తప్ప ఇంకేమీ లేదు. జ్ఞాపకానికి యజమాని కావాలంటే దాన్ని పుట్టించిన అనుభవమే ఆ యజమాని. చైత్రుడు కూడా ఒక సంస్కారాల ప్రవాహమే.

శంకరాచార్యులు దీనితో ఒప్పుకోలేదు. బ్రహ్మసూత్రాల్లో అనుస్మృతేశ్చ (2.2.25) అన్న చోట ఆయన భాష్యం చాలా పదునుగా ఉంటుంది. "నేను చూశాను" అని గుర్తుచేసుకునేటప్పుడు చూసినవాడూ గుర్తుచేసుకునేవాడూ ఒకడేనన్న ఎరుక అందులోనే ఉంది. కాదు, రెండు క్షణాల చిత్తాలు ఒకలా ఉండటం వల్ల ఒకటే అనిపిస్తోంది అంటే, "ఇది దానిలా ఉంది" అని పోల్చడానికైనా రెండింటినీ చూసినవాడు ఒకడు కావాలి. పోలికను పట్టుకునేవాడు రెండు క్షణాలూ నిలిచి ఉంటే క్షణికవాదం కూలిపోతుంది.

ఈ ఆక్షేపణ తేలిగ్గా తీసిపారేయదగ్గది కాదు. అయినా ఇది ఒక చోట అవసరానికి మించి దూకుతోంది. ఒక జ్ఞానం లోపల "అప్పుడూ నేనే, ఇప్పుడూ నేనే" అన్న ఆకారం ఉండటం వేరు, ఆ జ్ఞానం వెనక రెండు కాలాల్లోనూ నిలిచిన ఒకే వస్తువు ఉండటం వేరు. జ్ఞాపకం ఇప్పుడు పుడుతుంది, తనలో గతాన్ని మోసుకుంటూ పుడుతుంది. ఒకటే అనిపించడానికి అది చాలు. అందుకే ఈ పాయింట్ వరకు నేను వసుబంధుడి పక్షమే. కానీ సంతానానికి హద్దు ఏమిటన్న ప్రశ్నకు మాత్రం బౌద్ధుల జవాబు నాకు పూర్తిగా నచ్చదు. గురువు మాట వల్ల శిష్యుడి మనసులో జ్ఞానం పుడుతుంది, అది కూడా కార్యకారణమే కదా, మరి గురువు అనుభవాలు శిష్యుడికి ఎందుకు గుర్తురావు? బౌద్ధ తార్కికులు ఉపాదాన కారణం, సహకారి కారణం అని విడదీశారు. ఒక చిత్తానికి ఉపాదానం తన సంతానంలోని వెనకటి చిత్తమే, గురువు మాట సహకారి మాత్రమే. ఇది చిక్కుకు పేరు పెట్టినట్టుంది కానీ విప్పినట్టు లేదు.

ఈ ఇబ్బంది బౌద్ధుల్లోనే కొందరికి బాగా తెలిసింది. వాత్సీపుత్రీయులు, వాళ్ల నుంచి వచ్చిన సమ్మితీయులు అనే శాఖలవాళ్లు పుద్గలుడు ఉన్నాడన్నారు. స్కంధాలే పుద్గలుడా? కాదు. స్కంధాలకు వేరా? అదీ కాదు. ఇంధనం లేకుండా మంట ఉండదు, అయినా ఇంధనమే మంట కాదు, ఆ రకంగా. సంయుత్త నికాయంలోని భారహార సుత్తం వాళ్లకు ఆధారం. అందులో అయిదు స్కంధాలు బరువు, బరువు మోసేవాడు ఫలానా పేరు, ఫలానా గోత్రం గల పుద్గలుడు అని బుద్ధుడే అన్నాడు కదా అని వాళ్ల వాదం. మిగతా శాఖలన్నీ వాళ్ల మీద విరుచుకుపడ్డాయి. ఇతర శాఖల వాదాలను ఖండించే పాళీ గ్రంథం కథావత్థులో మొట్టమొదటి వాదం వాళ్లతోనే. వసుబంధుడి అధ్యాయంలో పెద్ద భాగం వాళ్ల ఖండనే. దీంతో వాళ్లేదో మూలన ఉన్న చిన్న గుంపు అనుకుంటాం. అది నిజం కాదు. సారనాథ్‌లోని అశోక స్తంభం మీద గుప్తుల కాలపు లిపిలో సమ్మితీయ ఆచార్యుల పేరిట ఒక శాసనం ఉంది. 7వ శతాబ్దంలో హ్యూయన్‌త్సాంగ్ అక్కడికి వెళ్ళినప్పుడు 1,500 మంది సమ్మితీయ భిక్షువులు ఉన్నారని రాశాడు. అనాత్మ ఉపదేశం జరిగిన నేల మీదే, వెయ్యేళ్ల తర్వాత, పుద్గలుడు ఉన్నాడనే భిక్షువులు చదువుకుంటున్నారు. వాళ్ల సొంత గ్రంథాలు చాలావరకు నశించాయి కాబట్టి వాళ్ల మాట ఎక్కువగా ప్రత్యర్థుల నోటే వింటున్నాం. సంతానానికి హద్దు కావాలన్న వాళ్ల ఆరాటం మాత్రం సరైనదేనని నాకు అనిపిస్తుంది.

మాధ్యమిక తత్వవేత్త నాగార్జునుడు ఆత్మవాదులకూ పుద్గలవాదులకూ కలిపి సమాధానం చెప్పాడు. సంప్రదాయం ఆయన్ని కృష్ణా తీరంలోని శ్రీపర్వతంతో, శాతవాహన రాజుతో ముడిపెడుతుంది. మూలమధ్యమకకారిక 18వ ప్రకరణం మొదటి శ్లోకంలోనే అంతా ఉంది. ఆత్మ స్కంధాలే అయితే వాటితోపాటు పుట్టి చస్తుంది. స్కంధాలకు వేరే అయితే స్కంధాల లక్షణాలేవీ దానికి ఉండవు, చూడటం, తలచటం, బాధపడటం ఏదీ. అలాంటి ఆత్మ ఉన్నా మనకు ఒరిగేదేముంది? మంట, ఇంధనం పోలికను 10వ ప్రకరణంలో విడిగా పరీక్షించి, అదీ నిలవదన్నాడు. 18వ ప్రకరణంలోనే ఇంకో అడుగు వేశాడు. బుద్ధులు ఆత్మ ఉందనీ చెప్పారు, లేదనీ చెప్పారు, ఆత్మా లేదు అనాత్మా లేదనీ చెప్పారు అన్నాడు. అనాత్మ అనేదాన్ని కూడా ఒక సిద్ధాంతంగా పట్టుకుని కూర్చోవద్దని.

దీనికి మూలం పాళీ సుత్తాల్లోనే ఉంది. వచ్చగోత్తుడనే పరివ్రాజకుడు వచ్చి ఆత్మ ఉందా అని అడిగితే బుద్ధుడు మౌనంగా ఉన్నాడు. లేదా అంటే అప్పుడూ మౌనమే. అతను లేచి వెళ్లిపోయాడు. ఆనందుడు కారణం అడిగాడు. ఉందంటే శాశ్వతవాదులతో చేరినట్టు, లేదంటే ఉచ్ఛేదవాదులతో చేరినట్టు. పైగా అసలే అయోమయంలో ఉన్న వచ్చగోత్తుడు "ఇంతకుముందు నాకు ఆత్మ ఉండేది, ఇప్పుడు లేకుండా పోయింది" అని ఇంకా బెంగపడతాడు అన్నాడు బుద్ధుడు. ఎదుటి మనిషి ఏ స్థితిలో ఉన్నాడో చూసుకుని మాట్లాడిన ఆ శ్రద్ధ నన్ను ఈ తత్వం వైపు లాగిన వాటిలో ఒకటి.

తర్వాత యోగాచారులు అనే బౌద్ధ శాఖవాళ్లు జ్ఞాపకాల ముద్రలు దాచుకునే చోటుగా ఆలయవిజ్ఞానాన్ని ప్రతిపాదించారు. దాన్నే మనం పొరపాటున "నేను" అనుకుంటామన్నారు. వాళ్ల మూల గ్రంథాల్లో ఒకటైన సంధినిర్మోచన సూత్రం దీన్ని మూఢులకు చెప్పలేదనీ, చెబితే దీన్నే ఆత్మ అనుకుంటారనీ ముందే హెచ్చరించింది. సాతి గుర్తొస్తే ఆ హెచ్చరిక ఎందుకో అర్థమవుతుంది.

వాదాలన్నీ విని ఒప్పుకున్నాక కూడా "నేను" అన్న భావన మాత్రం ఇసుమంత కదలదు. దీన్ని చూసి, మరి ఆత్మ లేదని తెలిసి ఏం లాభం అంటారు. ఈ తేడాను సుత్తాలు ఎప్పుడో గుర్తించాయి. కౌశాంబి దగ్గర ఖేమకుడనే భిక్షువు జబ్బుపడి బదరికారామంలో ఉన్నాడు. ఘోషితారామంలోని థేరులు (పెద్ద భిక్షువులు) దాసకుడనే భిక్షువును పంపి, అయిదు స్కంధాల్లో దేన్నైనా ఆత్మగా చూస్తున్నావా అని అడిగించారు. లేదన్నాడు. అయితే నువ్వు అర్హతుడివేగా అని మళ్ళీ కబురు. కాదన్నాడు. "వీటిలో దేన్నీ 'ఇది నేను' అని చూడను, కానీ 'నేను ఉన్నాను' అన్నది ఇంకా పోలేదు." అదేమిటో వివరించమని మళ్ళీ దాసకుణ్ణి పంపారు. ఈ తిరుగుళ్లు ఇక చాలని ఖేమకుడు కర్ర ఊతంగా పట్టుకుని తానే నడిచొచ్చాడు. తామరపువ్వు వాసన రేకులదా, కేసరాలదా అంటే చెప్పలేం, పువ్వుదే అంటాం. "నేను" కూడా అలాగే, ఫలానా స్కంధానిది అని చూపించలేం. మురికి బట్టను రజకుడు చౌడుమట్టి, క్షారం, పేడ వేసి ఉతికాక బట్ట తెల్లబడుతుంది, కానీ ఆ క్షారం వాసన మిగులుతుంది. ఆత్మ ఉందన్న దృష్టి పోవడం ఒకటి, "నేను" అన్న ఆ వాసన పోవడం ఇంకొకటి. మొదటిది వాదంతో రావచ్చు. రెండోదానికి స్కంధాల రాకపోకలను ఓపికగా గమనిస్తూ ఉండాలి. 1739లో డేవిడ్ హ్యూమ్ తన లోపలికి తొంగిచూసి అనుభవాలే కనిపించాయి తప్ప "నేను" దొరకలేదని రాశాడు. బౌద్ధులతో పోలిక నిజమే. హ్యూమ్‌కు అది ఒక పరిశీలన ఫలితం. ఖేమకుడికి అక్కడి నుంచే అసలు పని మొదలు.

ఈ దారిని నైతికత వైపు ఎక్కువ దూరం తీసుకెళ్లినవాడు 8వ శతాబ్దంలో నలందకు చెందిన శాంతిదేవుడు. బోధిచర్యావతారం 8వ అధ్యాయంలో ఆయన వాదం ఇది. ఇతరుల బాధ నన్ను బాధించదు కాబట్టి నాకు పట్టదంటావా? రేపటి నీ శరీరం బాధ కూడా ఇప్పుడు నిన్ను బాధించడం లేదు, మరి దాన్నెందుకు కాపాడుకుంటున్నావు? "అప్పుడు ఉండేదీ నేనేగా" అనడం భ్రమ, చచ్చేవాడు వేరు, పుట్టేవాడు వేరు. కాలికి ముల్లు గుచ్చుకుంటే బాధ చేతిది కాదు, అయినా చెయ్యి వెళ్ళి తీస్తుంది. 1984లో ఆక్స్‌ఫర్డ్ తత్వవేత్త డెరెక్ పార్ఫిట్ తనదైన దారిలో దగ్గరి నిర్ణయానికే వచ్చి, పుస్తకం చివర బుద్ధుడి అభిప్రాయానికి ఒక అనుబంధం కేటాయించాడు.

కానీ శాంతిదేవుడు పార్ఫిట్ ఆగిన చోట ఆగలేదు. సంతానం అనేది కూడా వరస, సేన లాంటి పేరు మాత్రమే అన్నాడు. వరసలో కూర్చున్నవాళ్లు ఉన్నారు కానీ వరస అనే వస్తువు లేదు. వసుబంధుడు ఏ సంతానం మీద జ్ఞాపకాన్నీ కర్మనూ నిలబెట్టాడో, దాన్నే లాగేశాడన్నమాట. బాధ ఉంది, దానికి యజమాని లేడు. యజమాని లేనప్పుడు నా బాధ, నీ బాధ అన్న గీత ఎక్కడ గీస్తాం? బాధను తొలగించాలంటే అందరిదీ తొలగించాలి, అక్కర్లేదంటే నాదీ అక్కర్లేదు.

ఈ వాదానికి రెండంచులున్నాయని విమర్శకులు చూపించారు. ఎవరైనా రెండో మాట పట్టుకుని "సరే, నాదీ అక్కర్లేదు, ఎవరిదీ అక్కర్లేదు" అంటే? శాంతిదేవుడి జవాబు, దుఃఖం తొలగాలన్నదాంట్లో ఎవరికీ వివాదం లేదని. తర్కంగా అది సన్నని జవాబే. అయితే ఆయన దీన్ని ప్రజ్ఞ అధ్యాయంలో పెట్టలేదు, ధ్యానం అధ్యాయంలో పెట్టాడు. వాదం ముగియగానే ఒక ప్రాక్టీస్ ఇస్తాడు. నీకంటే కింద ఉన్నవాడి స్థానంలోకి వెళ్ళి కూర్చో, అక్కడి నుంచి నిన్ను చూసి అసూయపడు. నీతో సమానుడి స్థానంలోంచి నీతో పోటీపడు. నీకంటే పైవాడి స్థానంలోంచి నిన్ను చూసి గర్వపడు. ఆ అసూయ ఎలా మాట్లాడుతుందో కూడా రాశాడు: "అతనికి గౌరవం, నాకు లేదు. అతనికి దొరికింది నాకు దొరకలేదు. అతన్ని పొగుడుతారు, నన్ను తిడతారు. అతను సుఖంగా ఉన్నాడు, నేను కష్టంలో ఉన్నాను." ఆ వాక్యాల్లో "అతను" అంటే ధ్యానం చేస్తున్న మనిషే, "నేను" అంటే ఇంతకాలం అతను పట్టించుకోని అవతలివాడు.